డబ్బా కదలని పూట

ఉలమిలా వాంతి సంచిలో మొహం పెట్టేసరికి డబ్బా ఇంకా వెనక్కి వాలే ఉంది. ముందు అద్దాల్లో సువా రన్‌వే మీద వాన దంచి కొడుతోంది. ఒక ఇంజను చచ్చి ఉంది. దిగడం మానేసి మళ్ళీ పైకి లేవమని వెనక సీట్లోంచి అకోసిత అప్పుడే చెప్పింది. ఎడమ సీట్లో కెప్టెన్ పెనియోని లివరు ముందుకి తోశాడు, డబ్బా ముక్కెత్తి ముగ్గురినీ సీట్లకేసి ఒత్తింది. ఎత్తు పెరుగుతోందని అప్పుడు పైకి చెప్పాల్సింది కుడిసీట్లో కోపైలట్‌గా ఉన్న ఉలమిలాయే. ఆ మాట సంచిలోకే చెప్పింది పాపం. చెప్పి, తల ఎత్తకుండానే చెయ్యి చాచి చక్రాల లివరు తడుముకోకుండా పట్టుకుని పైకి లేపింది.

అకోసిత అది చూసింది. ఆవిడ కళ్ళనుంచి తప్పించుకున్నది ఏదీ లేదు. నాండిలో ఈ శిక్షణ కేంద్రం తెరిచిన నాటినుంచీ ఫిజీ పైలట్లని ఏడాదికి రెండుసార్లు ఈ డబ్బాలో కూర్చోబెట్టి పరీక్షించేది ఆవిడే. క్యాంటీన్లో కాఫీ పల్చగా ఉంటే మరిగించినవాడి మీద అనుమానం, చిక్కగా ఉంటే నిన్నటిదేమోనని అనుమానం. సిమ్యులేటర్‌ని అందరూ డబ్బా అనే అంటారు. బయటినుంచి చూస్తే కిటికీలు లేని తెల్లటి గది, ఆరు ఇనుప కాళ్ళ మీద నిలబడి ఉంటుంది. లోపల మాత్రం అచ్చంగా విమానం ముందుభాగం.

"ఆపమంటావా?" అంది అకోసిత.

"వద్దు మేడమ్, ఐపోయింది," అంది ఉలమిలా మూతి తుడుచుకుంటూ. ఐపోలేదు. ఇంకోసారి సంచి ఎత్తాల్సి వచ్చింది. అకోసిత అద్దాల్లో బొమ్మ ఆపేసి లైట్లు వేసింది.

"నీ కడుపు చల్లగుండా, పొద్దున్న తిన్న రొట్టె మొత్తం కంపెనీకే ఇచ్చేశావా పిల్లా?" అన్నాడు పెనియోని. ఆయన మొహం మీద చెమట చుక్క లేదు. బెల్టు విప్పుకుంటూ ఈల వేస్తున్నాడు.

అకోసిత ఆయన్ని ఎగాదిగా చూసింది. ఇవాళ డబ్బాలో తనకే కాస్త తిప్పినట్టయింది. "నీకేం కాలేదేరా?"

"నాకేమవుతుందే తౌవు? నా తలకాయలో రసమట్టం పగిలిపోయి ఏడాదైంది. నీ డబ్బా ఎటు వాలినా నాకొకటే. మీ దీవి వాళ్ళ వంట తిని పగిలింది."

"పగలడానికి మీ దీవి వాళ్ళకి తలకాయలుంటే కదా!"

ముగ్గురూ నవ్వారు. తౌవు అంటే అంతే. వాళ్ళ రెండు దీవులకీ మూలదేవుడు ఒక్కడే, అందుకని ఈ దీవి వాడు ఆ దీవి వాణ్ణి ఎంత మాటైనా అనొచ్చు, పడ్డవాడు ఉడుక్కోకూడదు. ఇంకొకటి కూడా ఉంది. తౌవు నోరు తెరిచి ఏదైనా అడిగితే లేదనకూడదు. పోయిన ఈస్టరుకి పెనియోని ఆవిడ ఇంటికొచ్చి, పొయ్యిలోంచి అప్పుడే తీసిన పందిపిల్లని ఆకులతో సహా చంకన పెట్టుకుని పోయాడు. బదులుగా ఆవిడ ఆయన కొత్త చొక్కా ఆరేసిన తీగ మీంచే లాక్కొచ్చింది. దాన్ని ఇప్పటికీ ఇల్లు తుడిచేటప్పుడు తొడుక్కుంటుంది.

డబ్బాకీ గోడకీ మధ్య ఇనుప వంతెన దించారు. ఉలమిలా గోడ పట్టుకుని నడిచింది. పెనియోని కూడా కమ్మీ మీద చెయ్యి వేసుకునే నడిచాడు. అకోసిత అదీ చూసింది గానీ, ఆ పూట ఆవిడ అనుమానం వేరే చోట ఉంది.

చీఫ్ పైలట్ మధ్యాహ్నమే ఫోన్ చేశాడు. "ఇది రెండోసారి కదా ఆ పిల్లకి? ఎల్లుండి మళ్ళీ కూర్చోబెట్టండి. మళ్ళీ ఇదే తంతైతే ఇక దింపేద్దాం. ఆ కడుపుతో విమానం నడపడమేంటి, నవ్విపోతారు. మన పెనియోనిని చూడండి, ఉక్కు కడుపు."

"తప్పు పిల్లదో డబ్బాదో ముందు తేలనివ్వండి," అంది అకోసిత.

"డబ్బాదైతే పెనియోనికి కూడా తిప్పాలిగా?"

ఆ మాటకి ఆవిడకి ఒళ్ళు మండింది. ఫోన్ పెట్టేసి తిన్నగా డబ్బా కిందకి వెళ్ళింది.

రోనీల్ అక్కడే ఉన్నాడు, చేతిలో గ్రీజు గుడ్డ. ఆ ఆరు కాళ్ళ మంచిచెడ్డలు చూసేది అతనే. తాతలనాడు ఇండియానుంచి చెరుకు కోతకి ఓడెక్కి వచ్చిన కుటుంబం, అతనికి మాత్రం చెరుకు చూస్తేనే తుమ్ములు. పక్క తోటలు కాలుస్తున్నారేమో, హాలంతా నుసి వాసన వేస్తోంది.

"ఎడమ వెనక కాలు ఆలస్యంగా కదులుతోంది," అంది అకోసిత. "నా దగ్గర దాస్తున్నావు."

"దాచి ఏం చేసుకోను అక్కా, ఇంటికి పట్టుకెళ్ళనా?" రోనీల్ నిచ్చెన దిగాడు. "పొద్దున్నే చూశాను. ఆరూ ఒకేలా ఉన్నాయి."

"మరి పిల్లకెందుకు తిప్పింది?"

"ఇది చేసే పనే అది." అతను కాలి మీద అరచేత్తో తట్టాడు. "సాగితే ఇది ఎంత సాగుతుంది? నా ఎత్తు కూడా సాగదు. నిజం విమానమైతే మైళ్ళకొద్దీ తోస్తూనే ఉంటుంది. ఇది ఒక్క క్షణం తోసి ఆగిపోవాలి. అందుకని నిన్ను మెల్లగా వెనక్కి వాలుస్తుంది. నీ బరువు నీ వీపు మీద పడుతుంది, నువ్వేమో ముందుకి దూసుకుపోతున్నాననుకుంటావు. ఆ తర్వాత నీకు తెలియనంత నెమ్మదిగా పాక్కుంటూ మళ్ళీ నడిమికొస్తుంది. అంతా కనికట్టు. కొందరి ఒళ్ళు ఆ కనికట్టు పట్టేస్తుంది, కడుపు తిప్పుతుంది."

"నాకు చెప్తున్నావా? విమానం గట్టిగా లేస్తే చెయ్యి ఎత్తలేనంత బరువెక్కుతుంది. నీ డబ్బాలో ఎన్నాళ్ళు కూర్చున్నా అలా కాలేదు."

"కాదు కూడా. ఇందులో నువ్వెప్పుడూ బజార్లో తూచినంతే ఉంటావు అక్కా."

అకోసిత నవ్వలేదు. అతను చెప్పిందంతా నిజమే గానీ, నిజాలు ఇంత వరసగా చెప్పేవాళ్ళని ఆవిడ ఎప్పుడూ నమ్మలేదు. "ఎల్లుండి నేను చెప్పినప్పుడు కాళ్ళు ఆపెయ్. నడిమట్టంలో నిలిపెయ్. సీటు కింద అదురు ఉంచు, చప్పుడు ఉంచు, బొమ్మ ఉంచు. కాళ్ళు ఆగాయని చెప్పే ఎర్రదీపం ముందు సీట్లలో వెలగకూడదు. పిల్లకి తిప్పడం ఆగిందంటే తప్పు నీ కాళ్ళది."

"ఆగకపోతే?"

"కోడికూర వండి పెడతాను."

"మీ దీవి వంటా?" అన్నాడు రోనీల్. పెనియోని మాటలు వాళ్ళందరికీ అంటుకున్నాయి.

ఉలమిలా వరండాలో కొబ్బరిబోండాం పట్టుకుని కూర్చుని ఉంది. అకోసితని చూసి లేవబోయింది.

"కూర్చో. విమానంలో ఎప్పుడైనా ఇలా అయిందా?"

"ఒక్కసారి కూడా లేదు మేడమ్. ఒట్టు. మొన్న తవెయుని దీవికి వెళ్ళేటప్పుడు గాలి ఎంత కొట్టిందనుకున్నారు, వెనకాల పిల్లలు గోల. నాకేం కాలేదు. నేనే నడిపాను."

"నువ్వా? కెప్టెన్ ఏం చేస్తున్నాడు?"

"కెప్టెన్‌గారే ఇచ్చారు. గాలి కొట్టినప్పుడల్లా నాకే ఇస్తారు, నేర్చుకోమని. వేరే కెప్టెన్లు ముట్టుకోనివ్వరు మేడమ్. ఆయన మాత్రం రేడియో నేను చూసుకుంటాలే, నువ్వు నడుపు అంటారు." పిల్ల కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఇక్కడేమో ఆయన ముందే సంచి పట్టుకున్నాను."

అకోసిత కింది పెదవి కొరుక్కుంది. పెనియోని మంచివాడే, కాదనదు. కానీ గాలి కొట్టినప్పుడల్లా కొత్తపిల్ల చేతికి విమానం అప్పగించేటంత మంచితనం ఆవిడకి ఎక్కడా తగల్లేదు. తను కూడా కెప్టెన్‌గా చేసింది. గాలి లేనప్పుడు ఇచ్చేది, కొడితే తీసుకునేది. ఎవరైనా అంతే.

ఆయన కారెక్కబోతుంటే పోయి పట్టుకుంది. "ఒరేయ్, ఏదైనా మాత్ర మింగి డబ్బా ఎక్కావా? తిప్పకుండా?"

పెనియోని పెద్దగా నవ్వి రెండు జేబులూ బయటికి లాగాడు. తాళాలు, చింపిరి రుమాలు, దంచి కలుపుకుని తాగితే మత్తెక్కే యంగోనా ఎండు వేరు ముక్క రాలాయి. "ఇదిగో నా మందు. చాలా? చెప్పులు కూడా విప్పనా? విప్పితే నువ్వు కళ్ళు తిరిగి పడతావు, తర్వాత నన్నంటావు."

"పో, పో. దేశం బాగుపడుతుంది," అంది ఆవిడ. మాట బాగానే పేలింది, అనుమానం మాత్రం అక్కడే ఉండిపోయింది. రాలిన తాళాలు తియ్యడానికి వంగినప్పుడు ఆయన కారు తలుపు పట్టుకుని వంగాడు. యాభై దాటిన మనిషి, వంగితే ఏదో ఒకటి పట్టుకుంటాడు. అయినా గుర్తుపెట్టుకుంది.

మర్నాడు సెలవు. మార్కెట్లో కర్రపెండలం దుంపలు ఏరుతుంటే పెనియోని భార్య మకెలేసి ఎదురైంది. ఆవిడ బుట్టలో డబ్బా చేపలున్నాయి. అకోసితకి అదే వింతగా తోచింది.

"సముద్రం పక్కన ఇల్లు పెట్టుకుని డబ్బా చేపలా? మీ ఆయన ఈటె తుప్పు పట్టిందా?"

"పట్టింది వదినా, నిజంగానే పట్టింది. ఆయన నీళ్ళల్లో మునిగి ఏడాదైంది. పడవ గట్టు మీదే పడుంది." మకెలేసి గొంతు తగ్గించింది. "చీకట్లో గుమ్మం దిగాలన్నా టార్చి ఉండాల్సిందే. ఊళ్ళోవాళ్ళేమో యంగోనా ఎక్కువైందంటున్నారు. మొన్న చర్చి నుంచి వస్తూ ఇసుకలో పడిపోయాడు. పిల్లలు నవ్వారు. ఆయనా నవ్వాడు."

"తాగి ఉన్నాడా?"

"నా ఎదుట తాగలేదు. ఎదుట లేనప్పుడు ఏం చేస్తాడో నేనేం చెప్పను?"

అకోసిత దుంపల సంచి భుజాన వేసుకుని బస్సు దాకా నడిచింది గానీ, ఎలా నడిచిందో ఆవిడకే తెలియదు. తాగుడు! ఇంకేముంది, అన్నీ కలిసిపోయాయి. కమ్మీ పట్టుకుని నడవడం, గాలి కొడితే పిల్లకి ఇచ్చెయ్యడం, కారు తలుపు. పొద్దున్నే యంగోనా పట్టించి మొద్దుబారి వస్తున్నాడన్నమాట, అందుకే కడుపు కదలడం లేదు. పందిపిల్లని చంకన పెట్టుకుపోయినప్పుడు నవ్వింది కదా, ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పుడు కోపం వచ్చింది. రేపు వాసన పట్టాలనుకుంది. దొరికితే తౌవు లేదు, గివ్వు లేదు.

తెల్లారి పెనియోని రాగానే ఆవిడ దగ్గరగా వెళ్ళి చెంపకి చెంప ఆనించి పలకరించింది. సబ్బు వాసన, కాఫీ వాసన. అంతే. కళ్ళు తెల్లగా ఉన్నాయి. చర్మం పొలుసులు లేవలేదు. యంగోనా ఎక్కువ తాగేవాళ్ళ చేతులు ఆవిడకి తెలుసు, ఇవి ఆ చేతులు కావు.

"ఏంటే, ఇవాళ ఇంత ప్రేమ?" అన్నాడాయన.

"స్నానం చేశావో లేదో చూద్దామని."

డబ్బా ఎక్కారు. ఉలమిలా రెండు సంచులు తెచ్చుకుని సీటు పక్కన దోపుకుంది. మొహం అప్పుడే పాలిపోయింది. ఇవాళ తన రోజని ఆ పిల్లకి తెలుసు. వంతెన పైకి లేచింది. ఆరు కాళ్ళూ ఒక్కసారి నిట్టూర్చి డబ్బాని గాల్లోకి ఎత్తాయి.

మొదట కాళ్ళతోనే నడిపించింది అకోసిత. పెనియోని నడుపుతున్నాడు, ఉలమిలా చూసి చెప్తోంది. లబాసా వైపు మబ్బులు, కొండల మీంచి ఎదురుగాలి. డబ్బా పక్కకి తోసింది, ఎత్తి కుదేసింది. పిల్ల మెడ బిగుసుకుంది, మాటల మధ్య మింగుతోంది. చెయ్యి ఒకసారి సంచి దాకా పోయి తిరిగి వచ్చింది. అకోసిత కాఫీ కప్పు పక్క బల్ల మీద పెట్టి, కింద ఉన్న రోనీల్‌కి చెప్పే మీట మెల్లగా నొక్కింది.

కాళ్ళు ఆగిపోయాయి.

బొమ్మ ఆగలేదు. అద్దాల్లో దిగంతం ఎడమకీ కుడికీ ఒరుగుతూనే ఉంది, వాన కొడుతూనే ఉంది, గాలి ఈల, సీటు కింద అదురు అన్నీ ఉన్నాయి. గది మాత్రం ఇల్లులా నిలబడిపోయింది. కప్పులో కాఫీ మీద అలైనా లేదు.

ఉలమిలా చప్పున తెలుసుకుంది. బిగుసుకున్న భుజాలు జారాయి. తల తిప్పి వెనక్కి చూసింది, నోరు తెరవబోయింది. అకోసిత పెదాల మీద వేలు పెట్టింది. పిల్ల ముందుకి తిరిగి, ఎత్తు, వేగం చదవడం మొదలుపెట్టింది. గొంతు తేటపడింది. మొహంలోకి రంగు తిరిగి వస్తుంటే అకోసిత వెనకనుంచే చూసింది. ఐతే రోనీల్ దొరికాడు, కోడికూర తప్పిందనుకుంది.

అప్పుడు పెనియోని అన్నాడు, "అబ్బో అబ్బో! పట్టుకో పిల్లా, ఎలా ఊపేస్తోందో చూడు! సంచి దగ్గరుందా? తౌవూ, నీ డబ్బాకి ఇవాళ దయ్యం పట్టిందే!"

అంటూ భుజాలు ఊపాడు. దిగంతం ఎడమకి ఒరిగినప్పుడు ఆయన కుడికి ఒరిగాడు. బొమ్మలో విమానం ఎగిరిపడితే సీట్లో ఎగిరిపడ్డట్టు నడుం లేపాడు. కదలని గదిలో, కదలని సీట్లో. చేతులు మాత్రం విమానం నడిపే కొయ్యని ఎంత నెమ్మదిగా, ఎంత ముచ్చటగా పట్టుకున్నాయో! ముందున్న మీటర్ల సూదులన్నీ గీత గీసినట్టు నిలబడ్డాయి.

ఉలమిలా ఆయన వైపు చూసింది. తర్వాత అకోసిత వైపు చూసింది. పిల్ల మొహంలో భయం.

అకోసిత ఊగుతున్న ఆ భుజాలకేసి చూసింది. మాత్ర కాదు, యంగోనా కాదు. డబ్బా ఆగిందని ఈయనకి తెలియడం లేదు. కళ్ళతో చూసి, ఇప్పుడు ఊగాలి కాబట్టి ఊగుతున్నాడు. ఏడాదిగా అందరి ముందూ ఇలాగే ఊగుతున్నాడు. పోయినసారి తనే దగ్గరుండి, చెక్కు చెదరలేదని కాగితం మీద రాసి సంతకం పెట్టి పంపింది కూడా. రసమట్టం పగిలిపోయి ఏడాదైందని మొన్న నోరారా చెప్పాడు. తను ఏం చేసింది? నవ్వింది. మీ దీవి వాళ్ళకి తలకాయ ఎక్కడుంది అంది.

పెనియోని ఒక్క ఇంజనుతో విమానాన్ని రన్‌వే నడిగీత మీద దింపాడు. చక్రాలు ఆనిన చప్పుడు కూడా మెత్తగా వచ్చింది. లివర్లు వెనక్కి లాగి సగం తిరిగి, "ఇంత ఊపులోనూ ఎలా దించానో చూశావా? మీ దీవి వాళ్ళు జన్మలో దించగలరా?" అన్నాడు.

"బాగా దించావు," అంది అకోసిత.

ఆయన చేతులు లివర్ల మీదే ఆగిపోయాయి. తౌవు మెచ్చుకోదు. పాతికేళ్ళలో ఆవిడ ఒక్కసారి కూడా ఆయన్ని ఎదురుగా మెచ్చుకోలేదు. పెనియోని పూర్తిగా వెనక్కి తిరిగి ఆవిడ మొహం చూశాడు, తర్వాత బల్ల మీద నిశ్చలంగా ఉన్న కాఫీ చూశాడు. బెల్టు విప్పుకుని, దారి పొడుగునా చేతికందినవి పట్టుకుంటూ వంతెన దాటి వెళ్ళిపోయాడు.

ఉలమిలా లేవలేదు. "మేడమ్, తవెయుని రోజు..." అని ఆగిపోయింది.

"నువ్వు ఇంటికి వెళ్ళి పడుకో. ఈ మాట నా దగ్గరే ఉండనీ."

"నా సంగతి?"

"నీ కడుపు అబద్ధం పట్టేసింది. తప్పేం లేదు."

సాయంత్రం పొద్దు వాలుతుండగా అకోసిత ఆయన ఊరికి వెళ్ళింది. పెనియోని ఇసుకలో బోర్లించిన పడవ మీద కూర్చుని, అడుగున అంటుకున్న నత్తగుల్లలు గీకుతున్నాడు. ఏడాదిగా నీళ్ళు చూడని పడవకి నత్తగుల్లలేంటి, ఎండి పొడి రాలుతున్నాయి. పరీక్ష రోజు కాబట్టి తెల్లచొక్కా వేసుకున్నాడు, ఇంకా మార్చలేదు. భుజాల మీద నాలుగేసి బంగారు గీతలున్న కెప్టెన్ పట్టీలు.

"ఎంతమందికి చెప్పావు?" అన్నాడు తలెత్తకుండా.

"ఎవరికీ చెప్పలేదు."

"నేను చెప్పాను. మొదటిరోజే నీకు చెప్పాను."

"వేళాకోళం అనుకున్నాను."

"తౌవుతో ఇంకెలా చెప్తారే?" ఆయన గీకడం ఆపాడు. "చాలామందికి చెప్పాను అలాగే. అందరూ నవ్వారు. ఒక్కరైనా నవ్వకపోతే ఏం చేసేవాణ్ణో తెలియదు."

అకోసిత పడవకి ఆనుకుని నిలబడింది. ఆయనే చెప్పుకుపోయాడు. పోయినేడు పగడపు రాయి గీరుకుని కాలు చీము పట్టింది. ఆస్పత్రిలో వారాల తరబడి సూదులు. కాలు మానింది. ఇంటికొచ్చి రాత్రి గుమ్మం దిగితే నేల లేదు. సువాలో ఎవరూ ఎరగని ఒక డాక్టరు దగ్గరికి దొంగచాటుగా వెళ్ళాడు. ఆ సూదిమందు చెవి లోపలి తూకాన్ని కాల్చేసిందని, ఇక రాదని ఆ డాక్టరు చెప్పాడు.

"కంపెనీ డాక్టరు పట్టుకోలేదా?"

"గచ్చు మీద కళ్ళు మూసుకుని నిలబడమంటాడు. నిలబడతాను, అరికాళ్ళు చెప్తాయి. ఇసుకలో నిలబడమనడుగా. నీ డబ్బా అంటావా, దానికి నాలో ఏం లేదో తెలియదు. అది కళ్ళకి చూపిస్తుంది, నేను కళ్ళతో చూస్తాను."

"మరి గాల్లో?"

"తేటగా ఉన్న రోజు నన్ను మించినవాడు లేడు. నీకూ తెలుసు."

"గాలి కొడితే?"

పెనియోని సముద్రం వైపు తిరిగాడు. "అంకెలు చెదిరిపోతాయి. తల అదిరితే ముందున్నవన్నీ ఎగురుతాయి, ఒక్కటీ చదవలేను. డబ్బాలో అంత అదరదు. గాల్లో అదురుతుంది."

"అప్పుడు పిల్లకి ఇస్తావు."

"బాగా నడుపుతుంది. నాకంటే బాగా."

అకోసితకి అప్పటిదాకా జాలిగానే ఉంది. ఆ మాటతో కోపం పొంగింది. "బాగా నడుపుతుందని నీకు తెలుసు! విమానం నిండా జనాన్నీ, నిన్నూ మోస్తున్నది ఆ పిల్ల. దాన్ని కడుపు చేతకానిదని వెళ్ళగొడుతుంటే, పక్కనే కూర్చుని ఉక్కు కడుపని మెచ్చుకోళ్ళు అందుకుంటావా? సిగ్గులేదట్రా నీకు? రేపు ఆ సీట్లో ఇంకెవడో వస్తాడు, గాలి కొట్టినప్పుడు తీసుకోడు. అప్పుడేం చదువుతావు?"

ఇది వేళాకోళం కాదని ఇద్దరికీ తెలుసు. పెనియోని తల దించుకున్నాడు. ఆవిడ తన చొక్కా భుజాల వైపు చూస్తోందని గమనించాడు. తౌవుల మధ్య పెరిగినవాడు, రాబోయేది ఆయనకి తెలిసిపోయింది. చప్పున అన్నాడు, "ముందు నేను అడుగుతున్నాను. నీ నోరు నాకు కావాలి. ఈ సంగతి నువ్వు ఎవరికీ చెప్పకూడదు. లేదనకూడదు తౌవు."

ఎంత తెలివైనవాడు! ఆ దేవుడి పేరు మీద ఇంతవరకూ ఆవిడ దేనికీ లేదనలేదు. వాళ్ళమ్మా అనలేదు. దూరంగా చెరుకు రైలు కూత వినిపించింది. ఆయన గీకుడు చాకు చేతిలో పట్టుకుని చూస్తున్నాడు.

"ఇచ్చాను," అంది. "ఎవరికీ చెప్పను. నీ పరీక్ష కాగితం మీద సంతకం మాత్రం నువ్వు అడగలేదు, అది పెట్టను. ఇప్పుడు నా వంతు."

"పడవ తీసుకో."

"నీ పడవ నాకెందుకు?"

"కొత్త ఇంజనుంది షెడ్డులో. పందులున్నాయి, రెండూ తోలుకుపో. ఏదైనా అడుగవే." నవ్వబోయాడు, నవ్వు రాలేదు.

"ఆ పట్టీలు."

పెనియోని చెయ్యి భుజం మీదకి పోయి అక్కడే ఉండిపోయింది. ఇసుకలో పిల్లలెవరో బంతి తంతూ వాళ్ళని దాటి పోయారు. ఆయన కళ్ళు తడిశాయి, తుడుచుకోలేదు. ఎడమ భుజం గుండీ విప్పి పట్టీ లాగాడు. కుడిది బిగుసుకుపోయింది. అకోసిత సాయం చెయ్యలేదు, ఊడేదాకా ఊరుకుంది. రెండూ ఆవిడ అరచేతిలో పెట్టాడు.

"ఇంట్లో ఇంకో జత ఉందిగా," అంది.

"దొంగముండా," అన్నాడు పెనియోని, మూడ్రోజుల్లో మొదటిసారి మనస్ఫూర్తిగా. "అది కూడానా?"

"అది కూడా."

"రేపు నేనే వెళ్తాను. చీఫ్‌కి నేనే చెప్తాను. నువ్వు చెప్పకూడదు కాబట్టి ఇంకెవరు చెప్తారు?" చాకు పడవ మీద పెట్టి, "పిల్ల గురించి కూడా చెప్తాను. తవెయుని సంగతి, అన్నీ," అన్నాడు.

సూర్యుడు దిగిపోయాడు. నీళ్ళు, ఇసుక ఒక రంగులోకి వచ్చేశాయి. ఇంటి దగ్గర మకెలేసి దీపం వేసింది గానీ ఆ వెలుగు ఇక్కడికి అందడం లేదు. పెనియోని పడవ మీంచి దిగి, దాని అంచు వదలకుండా నిలబడ్డాడు. టార్చి తెచ్చుకోలేదు.

"తౌవు," అన్నాడు, "ఇంకోటి అడగనా?"

"అడుగు."

"చెయ్యి ఇవ్వు. గుమ్మం దాకా."

అకోసిత పట్టీలు జేబులో వేసుకుని చెయ్యి చాచింది. ఆయన దాన్ని రెండు చేతులతో పట్టుకుని, ఒక్కో అడుగూ ఇసుకలో ఆనించి చూసుకుంటూ నడిచాడు. దారిలో ఇద్దరూ ఒక్క తిట్టు కూడా తిట్టుకోలేదు.